వాసనకు నోటీసు, ప్రమాదానికి మౌనం

2022 మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాద్ బోయిగూడలోని ఒక తుక్కు గోదాములో మంటలు చెలరేగాయి. పైఅంతస్తులో నిద్రిస్తున్న 11 మంది బీహార్ వలస కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. కిందికి దిగడానికి వారికి ఉన్నది ఒకే ఒక్క ఇరుకు మెట్ల దారి. అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాద్‌లోనే, కింద విద్యుత్ స్కూటర్ల షోరూమ్, పైన హోటల్ నడుస్తున్న భవనంలో 8 మంది చనిపోయారు. 2023 మార్చిలో స్వప్నలోక్ కాంప్లెక్సులో ఆరుగురు, నవంబరులో నాంపల్లి బజార్‌ఘాట్‌లో రసాయన డ్రమ్ములు నిల్వ చేసిన అపార్ట్‌మెంటులో 9 మంది బలయ్యారు. స్వప్నలోక్ మృతులు వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం ప్రాంతాల నుంచి చిన్న ఉద్యోగాల కోసం నగరానికి వచ్చిన యువతీయువకులు.

ప్రతి ప్రమాదం తరువాత ఒకే క్రమం నడుస్తుంది. మంత్రులు వస్తారు, పరిహారం ప్రకటిస్తారు, విచారణ కమిటీ వేస్తారు. కొన్ని వారాలపాటు గోదాములు, సెల్లార్ల తనిఖీలు జరుగుతాయి. తరువాత అంతా మామూలే. ఈ క్రమాన్ని ఆపడానికి ఒక మార్గం ఉందని పలువురు సూచిస్తున్నారు. ప్రజా భద్రత విషయంలో పదేపదే ఫిర్యాదులు వచ్చిన వ్యాపార సంస్థలపై చర్యలు తీసుకునే స్పష్టమైన నిబంధనలు స్థానిక సంస్థలకు ఉండాలని, మొదట హెచ్చరిక, తరువాత జరిమానా, ఆ తరువాత లైసెన్సు రద్దు అనే మెట్లు ముందే నిర్ణయించాలని వారి వాదన. అధికారి దయాదాక్షిణ్యాల మీద ఆధారపడిన చర్య స్థానంలో నియమం రావాలన్న ఈ కోరికను నేను సమర్థిస్తాను. అయితే సామాజిక శాస్త్రం బోధించే వ్యక్తిగా నన్ను రెండు ప్రశ్నలు వెంటాడుతున్నాయి. ఎవరి ఫిర్యాదు లెక్కలోకి వస్తుంది? ఏ వ్యాపారం మీద వచ్చిన ఫిర్యాదుకు చర్య వేగంగా జరుగుతుంది? ఈ రెంటికీ సమాధానం వెతకకుండా రాసే నిబంధన, ఉన్న అసమానతకే కొత్త ఆయుధం అవుతుంది.

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో ఎదురైంది కాదు. మా తాత మా ఊళ్లో లంద నడిపేవాడు. తోళ్లు ఊరవేసి, చెప్పులు, మోటబొక్కెనలు చేసి ఊరి వ్యవసాయానికంతటికీ అందించేవాడు. ఊరికి తోలు కావాలి, లంద మాత్రం కనిపించకూడదు. వాసన వస్తోందని పెద్దలు పంచాయతీలో చెప్పగానే వారం తిరగకుండా లందను వాగు అవతలికి మార్చాల్సి వచ్చింది. అదే ఊరి నడిబొడ్డున ఒక రైసుమిల్లు ఉండేది. దాని బెల్టుకు రక్షణగా జాలీ లేదు. ఇద్దరు కూలీలకు దెబ్బలు తగిలాక కూడా ఎవరూ పట్టించుకోలేదు. చివరకు మా వాడ మనిషి ఒకాయన కుడిచెయ్యి ఆ బెల్టులో పోయింది. మిల్లు మరుసటి రోజు కూడా యథావిధిగా నడిచింది. ‘పంచాయతీకి ఎవరూ ఫిర్యాదు చేయలేదా?’ అని నేను మా నాన్నను అడిగాను. ‘ఎవరు చేస్తారు? వాడంతా కూలికి పోయేది ఆయన పొలాలకే కదా’ అన్నాడు. లంద వల్ల ఎవరి ప్రాణమూ పోలేదు. దానిపై ఫిర్యాదు ఉంది. మిల్లు ఒక మనిషిని జీవితాంతం పనికిరాకుండా చేసింది. దానిపై ఫిర్యాదు లేదు. ఫిర్యాదుల సంఖ్యను ప్రమాణంగా తీసుకునే ఏ నిబంధన అయినా ఆ ఊళ్లో లందనే మూయించి ఉండేది.

ఇది ఒక ఊరి పెద్దల మనస్తత్వానికి పరిమితమైన విషయం అనుకుంటే పొరపాటు. మన స్థానిక పాలనా చట్టాల భాషలోనే ఈ పోకడ ఉంది. వలస పాలన కాలంలో రూపొందిన మునిసిపల్ చట్టాలు లైసెన్సు తప్పనిసరి అయిన వృత్తుల జాబితాలు తయారు చేశాయి. తోళ్లు, ఎముకలు, చేపలు, పశువుల రక్తమాంసాలకు సంబంధించిన పనులు అందులో ఉంటాయి. పేలుడు పదార్థాలు, మండే సరుకులు కూడా అదే జాబితాలో ఉంటాయి. జుగుప్స కలిగించేది, ప్రాణం తీసేది ఒకే గాటన కట్టారు. 1955 నాటి హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్ల చట్టం 521వ సెక్షన్ కూడా ఈ సంప్రదాయానికి వారసురాలే. ప్రాణానికో ఆస్తికో ప్రమాదం కలిగించేవి, న్యూసెన్సు కలిగించేవి అక్కడ పక్కపక్కనే ఉంటాయి. రాజ్యాంగానికి 74వ సవరణ ద్వారా చేర్చిన 12వ షెడ్యూలును చూడండి. పురపాలక సంస్థలకు అప్పగించదగిన 18 అంశాల్లో అగ్నిమాపక సేవలు ఉన్నాయి, ప్రజారోగ్యం ఉంది. కానీ నియంత్రించవలసిన వ్యాపారాలుగా పేరుపెట్టి చెప్పినవి రెండే రెండు: కబేళాలు, తోళ్ల శుద్ధి కేంద్రాలు. రసాయన గోదాముల పేరు లేదు, సినిమా హాళ్ల పేరు లేదు, ప్రైవేటు ఆసుపత్రుల పేరు లేదు. ఆ షెడ్యూలు రాసినవారికి దురుద్దేశం ఉందని నేను అనను. నగరంలో నియంత్రించాల్సిన వ్యాపారం అనగానే వారి మనసులో మొదట మెదిలినవి దళితుల, ముస్లింల వృత్తులే కావడం యాదృచ్ఛికం కూడా కాదు.

దుర్వాసన, ప్రమాదం వేర్వేరు విషయాలు. దుర్వాసనను ముక్కున్న ప్రతివాడూ గుర్తిస్తాడు. ఆ ముక్కుకు కుల సంస్కారం కూడా ఉంటుంది. ఏది మైల, ఏది మడి అన్నది పుట్టుకతోనే నేర్పే సమాజంలో మాంసం దుకాణం వాసన భరించరానిదిగా, నెయ్యి కాచే బట్టీ పొగ భరించదగినదిగా తోచడం సహజం. ప్రమాదం అలా కాదు. లోపల ఒత్తిడి పెరుగుతున్న రియాక్టరుకు వాసన ఉండదు. తాళం వేసిన అత్యవసర ద్వారం చప్పుడు చేయదు. దాన్ని ముందుగా పసిగట్టగలిగేది అక్కడ పనిచేసే కార్మికుడు, ఆ గోడ పక్కన గుడిసెలో ఉండే కుటుంబం. ఫిర్యాదు చేసే శక్తి అందరికంటే తక్కువగా ఉన్నదీ వారికే. నిచ్చెనమెట్ల సమాజంలో పై మెట్టు మీద ఉన్నవాడి అసౌకర్యం ఫిర్యాదుగా నమోదవుతుంది. అడుగు మెట్టు మీద ఉన్నవాడి ప్రాణాపాయం మరణం తరువాత పోలీసు రికార్డుల్లో మాత్రమే నమోదవుతుంది.

విశాఖపట్నం శివారు వెంకటాపురాన్ని గుర్తు చేసుకుందాం. 2020 మే 7 వేకువన ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరిన్ ఆవిరి వెలువడి 12 మంది చనిపోయారు, వందలాది మంది ఆసుపత్రుల పాలయ్యారు. చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి లేకుండా ఉత్పత్తి కొనసాగించినట్లు అంతకు ఏడాది ముందే, 2019లో, ఆ సంస్థ స్వయంగా అఫిడవిట్‌లో అంగీకరించింది. అంటే ఇక్కడ బయటివారి ఫిర్యాదు కూడా అవసరం లేదు. తప్పు జరిగిందని తప్పు చేసినవారే కాగితం మీద రాసి ఇచ్చారు. అయినా ఉత్పత్తి ఆగలేదు. 2024 ఆగస్టులో అచ్యుతాపురం ఔషధ పరిశ్రమలో 17 మంది, 2025 జూన్ 30న పాశమైలారంలో నలభై మందికి పైగా చనిపోయారు. పాశమైలారం మృతుల్లో బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ వంటి రాష్ట్రాల నుంచి వచ్చిన కార్మికులు అనేకులు. స్థానిక ఓటరు జాబితాలో పేరు లేని మనిషి, స్థానిక భాష రాని మనిషి, కాంట్రాక్టరు పేరు తప్ప యజమాని పేరు తెలియని మనిషి ఏ వార్డు కార్యాలయానికి వెళ్లి ఏ భాషలో ఫిర్యాదు రాస్తాడు?

దీనికి పక్కన మరో ఉదంతాన్ని పెట్టి చూడాలి. 2024 అక్టోబరులో హైదరాబాద్‌లో వీధిబండి మీద మోమోలు తిన్నవారు అస్వస్థతకు గురయ్యారు, ఒక మహిళ చనిపోయారు. అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్లతో చేసే మయోనైజ్‌ను ఏడాదిపాటు రాష్ట్రమంతటా నిషేధించింది. విక్రేతలను అరెస్టు చేశారు. ఆ నిషేధం సరైనదే. ఒక్క ప్రాణం పోయినా ప్రభుత్వం ఇలాగే కదలాలి. నా ప్రశ్న ఒకటే. రాజ్యానికి ఇంత వేగం సాధ్యమైనప్పుడు, ఆ వేగం బండి దగ్గర కనిపించి బాయిలరు దగ్గర ఎందుకు కనిపించదు? బండివాడికి న్యాయవాది లేడు, సంఘం లేదు, శాసనసభలో బంధువు లేడు. కర్మాగారం యజమానికి ఇవన్నీ ఉన్నాయి. భూమి, పెట్టుబడి, అధికారం ఏ కులాల చేతుల్లో కేంద్రీకృతమయ్యాయో తెలిసినవారికి ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో విడమరచి చెప్పనవసరం లేదు.

నియమం అందరికీ ఒకటే కదా, అమలులో లోపం ఉంటే నియమం తప్పు ఎలా అవుతుందని కొందరు అడుగుతారు. ఈ ప్రశ్నకు 140 ఏళ్ల కిందటే ఒక సమాధానం వచ్చింది. 1880లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరం ఒక స్థానిక నిబంధన చేసింది. చెక్క భవనాల్లో లాండ్రీ నడపాలంటే నగర పాలకమండలి అనుమతి తీసుకోవాలి. కారణం అగ్నిప్రమాదాల నివారణ. నిబంధనలో ఎక్కడా జాతి ప్రస్తావన లేదు. కానీ నగరంలోని సుమారు 320 లాండ్రీల్లో దాదాపు 240 చైనీయులవి. అనుమతి కోరిన సుమారు రెండు వందల మంది చైనీయులకూ నిరాకరణే ఎదురైంది. చైనీయులు కాని సుమారు 80 మందిలో ఒక్కరికి తప్ప అందరికీ అనుమతి లభించింది. యిక్ వో అనే లాండ్రీదారు 22 ఏళ్లుగా అదే చోట వ్యాపారం చేస్తున్నాడు, అగ్నిమాపక అధికారుల తనిఖీలో నెగ్గాడు కూడా. 1886లో ఆ దేశ సుప్రీంకోర్టు, చట్టం పైకి నిష్పక్షపాతంగా కనిపించినా దాన్ని అమలు చేసే చెయ్యి వివక్ష చూపితే అది సమానత్వ హక్కుకు భంగమేనని తీర్పు చెప్పింది. మన సుప్రీంకోర్టు సైతం 1952లో అన్వర్ అలీ సర్కార్ కేసులో 14వ అధికరణాన్ని వ్యాఖ్యానిస్తూ ఈ తీర్పును చర్చించింది. ప్రజా భద్రత పేరుతో చేసిన స్థానిక నిబంధన ఒక సమూహాన్ని వ్యాపారం నుంచి తరిమేయడానికి ఎలా ఉపయోగపడుతుందో చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ లేదు. అక్కడ జాతి చేసిన పనిని ఇక్కడ కులం చేస్తుంది. తేడా ఏమిటంటే అక్కడ దరఖాస్తుదారుల లెక్క ఉంది కనుక వివక్ష రుజువైంది. ఇక్కడ ఏ మునిసిపాలిటీ ఏ కులం, ఏ మతం వారి దుకాణాలకు ఎన్ని నోటీసులు ఇచ్చిందో లెక్కే లేదు.

మన దేశంలో జరిగిన రత్లాం కేసు ఇంకో పాఠం చెబుతుంది. మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణంలో ఒక కాలనీవాసులు తెరిచి ఉన్న మురికి కాలువల మీద, ఆల్కహాలు కర్మాగారం వదిలే దుర్గంధపు వ్యర్థాల మీద, వీధినే మరుగుదొడ్డిగా వాడుకుంటున్న మురికివాడ ప్రజల మీద ఫిర్యాదు చేశారు. కర్మాగారం చేసే కాలుష్యం, మరుగుదొడ్డి లేని పేదల నిస్సహాయత ఒకే ఫిర్యాదులో చేరాయి. డబ్బు లేదని మునిసిపాలిటీ చేతులెత్తేసింది. 1980లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్, తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి ధర్మాసనం ఆ సాకును తిరస్కరించింది. పేదలను తరిమేయమనకుండా, వారికి మరుగుదొడ్లు కట్టించమని, కాలువలు బాగుచేయమని, కర్మాగార వ్యర్థాలను ఆపమని ఆదేశించింది. ఫిర్యాదును స్వీకరించడమంటే ఫిర్యాదుదారుడు వేలెత్తి చూపిన ప్రతివాడినీ శిక్షించడం కాదని, అసలు కారణాన్ని వెతకడమని ఆ తీర్పు నేర్పింది. నాడు అందుకు ఆధారమైన నేర విచారణ ప్రక్రియా స్మృతి 133వ సెక్షన్, నేడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 152వ సెక్షన్‌గా కొనసాగుతోంది. ప్రజలకు హాని కలిగించే వ్యాపారాన్ని ఆపమని ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటు ఆదేశించవచ్చు. అంటే అధికారం లేకపోవడం మన సమస్య కాదు. ఎవరి కోసం ఆ అధికారాన్ని వాడతారన్నదే సమస్య.

పలుకుబడి గలవారి విషయంలో పదేపదే తేలిన లోపాలు ఏమవుతాయో ఢిల్లీలోని ఉపహార్ సినిమా హాలు చెబుతుంది. భద్రతా లోపాల కారణంగా 1983లో దాని లైసెన్సును తాత్కాలికంగా నిలిపివేశారు. ఆ ఉత్తర్వుపై హైకోర్టు స్టే ఇచ్చింది. తరువాత 14 ఏళ్లపాటు ఆ హాలు తాత్కాలిక అనుమతులతోనే నడిచింది. 1989లో అక్కడి ట్రాన్స్‌ఫార్మరు వద్ద ఒకసారి మంటలు వచ్చాయి. 1997 జూన్ 13న రెండోసారి వచ్చిన మంటలు 59 మందిని బలిగొన్నాయి. హెచ్చరిక ఉంది, రికార్డు ఉంది, ఉత్తర్వు కూడా ఉంది. స్టే తెచ్చుకోగలిగినవాడికి మెట్ల వరుస నిబంధనలు మెట్టుమెట్టుకూ ఒక వాయిదాను ఇస్తాయి. స్టే తెచ్చుకోలేనివాడిని మూడో రోజే చివరి మెట్టుకు చేరుస్తాయి.

ఇప్పుడు స్థానిక నిబంధనల అవసరం మునుపటికంటే పెరిగింది. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన కార్మిక కోడ్‌లు కర్మాగారం నిర్వచనాన్ని మార్చాయి. విద్యుత్తు వాడే చోట కార్మికుల కనీస సంఖ్య 10 నుంచి 20కి, విద్యుత్తు వాడని చోట 20 నుంచి 40కి పెరిగింది. తనిఖీ అధికారి ఇకపై ‘సహాయకుడు’ కూడా. ఎవరిని తనిఖీ చేయాలో కంప్యూటరు నిర్ణయించే పద్ధతి వచ్చింది. పదిహేను మంది పనిచేసే కార్ఖానా కర్మాగార నిబంధనల నుంచి జారిపోతుంది. మరోవైపు అగ్నిమాపక శాఖ అనుమతి సాధారణంగా నిర్దిష్ట ఎత్తు దాటిన భవనాలకే వర్తిస్తుంది. బోయిగూడ గోదాము వంటివి ఈ రెండు వలల మధ్య ఖాళీలో ఉంటాయి. ఆ ఖాళీలో మిగిలే ఏకైక ప్రభుత్వం మునిసిపాలిటీ లేదా గ్రామపంచాయతీ. అసంఘటితంగా, కాంట్రాక్టు కింద, దినకూలీకి పనిచేసే దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల, ముస్లిం శ్రామికుల్లో ఎక్కువమంది ఆ ఖాళీలోనే బతుకుతున్నారు.

ఎక్కువమంది అని రాస్తున్నాను గానీ కచ్చితమైన సంఖ్య ఇవ్వలేను. ఎందుకంటే పారిశ్రామిక ప్రమాదాల రికార్డుల్లో కులం గడి ఉండదు. లెక్క తీసిన ఒకే ఒక్క రంగంలో ఏం తేలిందో చూడండి. మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేసే కార్మికులను కేంద్ర ప్రభుత్వం ‘నమస్తే’ పథకం కింద నమోదు చేసింది. 2024లో వెల్లడైన వివరాల ప్రకారం, నమోదైన సుమారు 38 వేల మందిలో దాదాపు 92 శాతం ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలే. ఎస్సీలే దాదాపు 69 శాతం. హోటళ్లు, అపార్ట్‌మెంట్లు, ఫంక్షన్ హాళ్లు మనుషులను ట్యాంకుల్లోకి దించడం 2013 చట్టం ప్రకారం నేరం. ఇలాంటి మరణాలకు పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023లో 30 లక్షల రూపాయలకు పెంచింది. అయినా ట్యాంకులో మనిషిని దించిన హోటల్ లైసెన్సు రద్దయిందన్న వార్త మనం ఎన్నిసార్లు చదివాం? అది ప్రజా భద్రతకు సంబంధించిన అంశంగా మన నగరపాలక సంస్థలకు తోచదు. చనిపోయినవాడు వారి దృష్టిలో ‘ప్రజ’ కాడు, పనివాడు.

నా విద్యార్థి ఒకరు ఒక రసాయన పరిశ్రమ గోడను ఆనుకుని ఉన్న ఎస్సీ కాలనీ నుంచి వస్తారు. రాత్రిళ్లు కళ్లు మండుతున్నాయని, ఒకసారి లోపల పేలుడు శబ్దం వినిపించిందని ఆయన నాలుగుసార్లు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేశారు. నాలుగుసార్లూ ‘మీ సమస్య పరిష్కరించబడినది’ అని ఫోనుకు సందేశం వచ్చింది. ఎవరూ కాలనీకి రాలేదు. నాలుగో సందేశం తరువాత పరిశ్రమలో పనిచేసే వాళ్ల పెదనాన్నను కాంట్రాక్టరు పిలిచి, ‘మీ పిల్లవాడికి చదువు ఎక్కువైంది’ అన్నాడట. మరుసటి వారం పెదనాన్నకు పని లేదు. ఐదో ఫిర్యాదు రాలేదు. ప్రభుత్వ కంప్యూటరులో ఆ పరిశ్రమ రికార్డు ఇప్పుడు శుభ్రంగా ఉంటుంది: నాలుగు ఫిర్యాదులు, నాలుగూ పరిష్కారం. పదేపదే ఫిర్యాదు చేయగలగడం కూడా ఒక సామాజిక హోదా అని ఆ విద్యార్థి నాకు నేర్పారు.

ఈ వాదనకు వచ్చే అభ్యంతరాలు నాకు తెలియనివి కావు. నిప్పుకు కులం ఉంటుందా అని కొందరు అడుగుతారు. ఉండదు. కానీ నిప్పు అంటుకునే చోట ఎవరిని పడుకోబెట్టాలో నిర్ణయించే వ్యవస్థకు ఉంటుంది. పరిశ్రమలు మూతపడితే నష్టపోయేది అదే పేదలు కదా అన్నది రెండో అభ్యంతరం. ఇందులో నిజం ఉంది. 1996లో ఢిల్లీలో 168 ప్రమాదకర పరిశ్రమలను మూసివేయాలని లేదా తరలించాలని సుప్రీంకోర్టు ఆదేశించినప్పుడు, కార్మికులకు రక్షణలు కూడా ఆదేశించింది. అయితే హాజరుపట్టీలో పేరు లేని తాత్కాలిక కార్మికులు ఆ రక్షణలకు బయటే మిగిలిపోయారు. గాలి శుభ్రపడిన ఫలితం ఒకరికి, ఉపాధి పోయిన భారం మరొకరికి దక్కింది. మూడో అభ్యంతరం మన సొంత వర్గాల నుంచే వస్తుంది. కఠిన నిబంధన వస్తే మొదట బలయ్యేది ఇప్పుడిప్పుడే వ్యాపారంలో అడుగుపెడుతున్న దళిత, వెనుకబడిన కులాల చిన్న వ్యాపారులేనని. నా భయం కూడా అదే. అందుకే నిబంధన వద్దని చెప్పడానికి బదులు, ఎలాంటి నిబంధన కావాలో మనమే చెప్పాలి. మనం చెప్పకపోతే కాలనీ సంక్షేమ సంఘాలు, పరిశ్రమల సంఘాలు కలిసి రాసుకుంటాయి.

మొదటగా, అసౌకర్యాన్ని, ప్రమాదాన్ని చట్టంలో విడదీయాలి. వాసన, శబ్దం, రద్దీ వంటి ఫిర్యాదులు సర్దుబాటుతో, సదుపాయాల కల్పనతో తీరాలి. అవి ఎన్ని వచ్చినా లైసెన్సు రద్దుకు దారితీయకూడదు. మూసిన ద్వారాలు, నిల్వ చేసిన రసాయనాలు, రక్షణ లేని యంత్రాలు, మనుషులను దించే ట్యాంకులు వంటి ప్రాణాపాయ అంశాల మీద ఒక్క ఫిర్యాదు వచ్చినా తనిఖీ తప్పనిసరి కావాలి. లెక్కించాల్సింది ఎన్ని ఫిర్యాదులు వచ్చాయన్నది కాదు, ఎంత ప్రమాదం నిర్ధారణ అయిందన్నది.

రెండోది, కార్మికుడు కూడా ప్రజే అని నిబంధనలో రాయాలి. కాంట్రాక్టు, వలస కార్మికులు పేరు వెల్లడించకుండా, తమ భాషలో, నోటిమాటగా కూడా ఫిర్యాదు చేయగలగాలి. ఫిర్యాదు తరువాత పని పోతే అది ప్రతీకారమేనని భావించి, కాదని రుజువు చేసే బాధ్యత యజమాని మీద పెట్టాలి. పరిశ్రమను ఆనుకుని ఉన్న ఎస్సీ, ఎస్టీ కాలనీల ప్రతినిధులు తనిఖీ జరిగే రోజు అక్కడ ఉండాలి.

మూడోది, ఫిర్యాదును మూసే అధికారం ఎవరిమీద ఫిర్యాదు వచ్చిందో వారి మాట విన్న అధికారికి మాత్రమే ఉండరాదు. తనిఖీ తేదీ, తేలిన అంశం, ఇచ్చిన గడువు పంచాయతీ, వార్డు కార్యాలయాల నోటీసు బోర్డు మీద, సంస్థ గేటు మీద తెలుగులో కనిపించాలి. అగ్నిమాపక, విద్యుత్, కాలుష్య నియంత్రణ, పురపాలక శాఖల వద్ద విడివిడిగా పడి ఉన్న రికార్డులను ఒకే చోట చేర్చాలి. ఆ రికార్డు బోర్డు మీది పేరుకు కాక స్థలానికీ, అసలు యజమానికీ అంటిపెట్టుకుని ఉండాలి. లేకపోతే పాత సంస్థ మూతపడి, అదే షెడ్డులో బావమరిది పేరుతో కొత్త సంస్థ మచ్చలేని చరిత్రతో తెరుచుకుంటుంది.

నాలుగోది, శిక్ష స్థోమతను బట్టి ఉండాలి. వీధిబండికీ, వందల కోట్ల టర్నోవరు ఉన్న సంస్థకూ ఒకే జరిమానా అంటే మొదటివాడికి మరణశిక్ష, రెండోవాడికి టీ ఖర్చు. చిన్న వ్యాపారికి గడువు, శిక్షణ, భద్రతా పరికరాలకు రుణం, అవసరమైతే ప్రత్యామ్నాయ స్థలం ఇచ్చిన తరువాతే మూసివేత గురించి మాట్లాడాలి. వీధి వ్యాపారుల 2014 చట్టం పట్టణ వ్యాపార కమిటీల్లో వ్యాపారుల ప్రతినిధులకు కనీసం 40 శాతం స్థానం ఇచ్చింది. ఆ సూత్రాన్ని ఇక్కడా పాటించవచ్చు. పెద్ద సంస్థలో ప్రమాదకర విభాగాన్ని ఆపితే, ఆపినన్ని రోజులూ హాజరుపట్టీలో పేరు ఉన్నా లేకపోయినా ప్రతి కార్మికుడికీ వేతనం చెల్లించాలి. అప్పుడే కార్మికుడు తన ఫిర్యాదుకు తానే జరిమానా కట్టే స్థితి తప్పుతుంది.

చివరిది, అన్నిటికంటే ముఖ్యమైనది లెక్క. ఏటా ప్రతి మునిసిపాలిటీ ఎవరి దుకాణాలకు నోటీసులు ఇచ్చింది, ఎవరి ఫిర్యాదులను మూసేసింది, ప్రమాదాల్లో ఎవరు చనిపోయారు అన్న వివరాలను సామాజిక వర్గాలవారీగా ప్రకటించాలి. తెలంగాణ ఇంటింటి కుల సర్వే చేసి జనాభా లెక్క తేల్చింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ కులగణన కసరత్తు జరిగింది. ఎంతమందిమి ఉన్నామో తెలుసుకున్నాం. ఎలా చనిపోతున్నామో కూడా తెలుసుకునే హక్కు మనకుంది. రిజర్వేషన్ల కోసం, రాజకీయ వాటా కోసం చేసే పోరాటం ఎంత అవసరమో, పని నుంచి ప్రాణాలతో ఇంటికి తిరిగి వచ్చే హక్కు కోసం చేసే పోరాటం అంతే అవసరం. విద్యార్థి సంఘాలు తమ ఊరి మునిసిపాలిటీలో సమాచార హక్కు దరఖాస్తుతో ఈ పని మొదలుపెట్టవచ్చు. గత ఐదేళ్లలో రద్దు చేసిన లైసెన్సుల జాబితా, ప్రమాదాలు జరిగిన సంస్థల జాబితా అడగండి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి.

మా తాత లంద ఉన్న చోట ఇప్పుడు ఇళ్ల స్థలాలు వచ్చాయి. రైసుమిల్లు స్థానంలో అదే కుటుంబానికి చెందిన పెద్ద ఫంక్షన్ హాలు లేచింది. దాని వెనుక ఒక సెప్టిక్ ట్యాంకు ఉంది. దాన్ని శుభ్రం చేయడానికి ఇప్పటికీ మా వాడకే కబురు వస్తుంది. ఆ ట్యాంకు మూత తీయకముందే మాట్లాడగల నిబంధన మనకు కావాలి.